ఒకే గుడ్డ, ఇరవై టేబుళ్లు

హాస్టల్లో ఒకేసారి పదిమందికి విరేచనాలు పట్టుకుంటే మన తీర్పు రెడీగా ఉంటుంది: నిన్నటి పెరుగు, లేదంటే మొన్నటి పన్నీరు. మెస్ కమిటీ మీటింగ్‌లో నూనె బ్రాండు నుంచి బియ్యం రకం దాకా అన్నీ చర్చకొస్తాయి. టేబుల్ తుడిచే గుడ్డ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. అందుకే నేను ఎత్తుతున్నా.

మా మెస్‌లో భోజనాల వేళ సీను ఇది: ఒక అక్క, ఒక గుడ్డ, ఒక బకెట్. ఒక బ్యాచ్ లేవగానే ఆమె చారు మరకలు, మెతుకులు తుడిచేస్తుంది. అదే గుడ్డని అవే నీళ్లలో జాడించి పక్క టేబుల్‌కి వెళ్తుంది. అలా ఇరవై టేబుళ్లు. తడి ఆరకముందే మనం కూర్చుంటాం, టేబుల్ మీద చేతులు పెడతాం, ఆ చేత్తోనే ముద్ద కలుపుతాం. మనకి స్పూనూ చెయ్యే, ఫోర్కూ చెయ్యే.

ఇంజినీరింగ్ చదువుతున్నాం కదా, మాస్ బ్యాలెన్స్ వేద్దాం. టేబుల్ మీంచి పోయిన క్రిములు ఎక్కడికెళ్లాయి? మామూలు సబ్బునీళ్లు వాటిలో చాలావాటిని చంపవు, ఊడదీస్తాయంతే. కొన్ని గుడ్డలోకి, కొన్ని బకెట్లోకి, కొన్ని తుడిచిన చేతికి, మిగిలినవి పక్క టేబుల్‌కి. తుడుస్తున్నాం అనుకుంటూ పంచిపెడుతున్నాం.

ఇది నా ఊహ కాదు. వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ మీద బ్రిటన్ పరిశోధకులు 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. కంటికి శుభ్రంగా కనబడేదాకా డిటర్జెంట్‌తో తుడిచినా వైరస్ పూర్తిగా పోలేదు. పైగా తుడిచినవాళ్ల చేతులకీ అంటింది. వైరస్ ఉన్న వేళ్లు వరసగా ఏడు శుభ్రమైన చోట్ల దాకా దాన్ని అంటించగలిగాయి. క్లోరిన్ తోడైతేనే పరిస్థితి మారింది. 2008లో కార్డిఫ్ యూనివర్సిటీ వాళ్లు ఆసుపత్రుల్లో వాడే వైప్స్‌ని పరీక్షించి, ఒక వైప్‌ని ఒకే చోట, ఒక్కసారి వాడి పారెయ్యమని చెప్పారు.

"కొవిడ్ టైమ్‌లో పాల ప్యాకెట్లు కూడా కడిగాం, ఏం లాభం?" అని మా రూమ్మేట్ వాదన. కొవిడ్ ప్రధానంగా గాలిలో పాకింది. విరేచనాల క్రిములు చేతి నుంచి నోటికి వెళ్తాయి. రెండిటికీ దారులు వేరు.

"చేతులు కడుక్కుంటే సరిపోదా?" అంటారు ఇంకొందరు. కడుక్కోవాల్సిందే. కానీ కుళాయి దగ్గర్నుంచి కంచం దాకా వచ్చేలోపు ఆ చెయ్యి కుళాయి తిప్పుతుంది, గరిటె పట్టుకుంటుంది, కుర్చీ లాగుతుంది, టేబుల్ తాకుతుంది. శానిటైజర్ ఉంది కదా అంటే, నోరోవైరస్ మీద అది అంతగా పనిచేయదు.

పరిష్కారానికి ప్రాజెక్టు గ్రాంటు అక్కర్లేదు. వరసకో ఉతికిన గుడ్డ, వాడినవి వేయడానికి వేరే టబ్బు. ముందు సబ్బునీళ్లతో జిడ్డు, మెతుకులు తీసెయ్యాలి, ఎందుకంటే క్లోరిన్ వాటి మీదే ఖర్చయిపోతుంది. తర్వాత తగిన మోతాదులో కలిపిన బ్లీచింగ్ ద్రావణంతో తుడిచి, లేబుల్ మీద చెప్పినంతసేపు తడిగా వదిలి, మంచినీళ్లతో తుడిచి ఆరనివ్వాలి. తడి చోటు నుంచి చేతికి క్రిములు తేలిగ్గా ఎక్కుతాయి కాబట్టి ఆరబెట్టడమూ పనిలో భాగమే. రాత్రికి గుడ్డలు ఉతికి ఎండేదాకా ఆరేయాలి. బ్లీచింగ్‌ని యాసిడ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది.

ఇక అసలు మాట. ఇది ఆ అక్క మీద ఫిర్యాదు కాదు. ఆమె పనిలో లోపం లేదు, ఒక గుడ్డ చేతికిచ్చి ఇరవై టేబుళ్లు తుడవమన్న లెక్కలో ఉంది. మనకంటే ముందు ఆ క్రిములు అంటేది ఆమె చేతికే, ఆ చేత్తోనే ఆమె ఇంటికెళ్లి పిల్లలకి అన్నం పెట్టాలి. కాబట్టి కమిటీ మిత్రులారా, పన్నీరు వారానికి రెండుసార్లా మూడుసార్లా అన్నది తర్వాత తేల్చుకుందాం. ముందు ఆమెకి రెండు బకెట్లు, ఒక జత గ్లవ్స్, సరిపడా గుడ్డలు శాంక్షన్ చేయండి.