కృష్ణారెడ్డి ప్రెస్సు

కోనసీమకు ఫ్రాన్సు కొత్త కాదు. ఎదురులంక వంతెన దాటితే యానాం. 1954 దాకా అక్కడ ఫ్రెంచివారి పాలనే. అయినా పారిస్‌లో దాదాపు పాతికేళ్లు పనిచేసి, చిత్రకారుల లోకానికి కొత్త పద్ధతి నేర్పిన తెలుగువాడి పేరు మలికిపురం నుంచి అమలాపురం దాకా ఎంతమందికి తెలుసు? ఆయన కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని, మద్రాసు కళాక్షేత్రలో బొమ్మలు నేర్పి, లండన్ మీదుగా 1950ల మొదట్లో పారిస్ చేరారు. వెళ్లింది శిల్పి జాడ్కిన్ దగ్గరికి. నిలిచిపోయింది మాత్రం హేటర్ నడిపే అటెలియె 17లో. అది అచ్చుబొమ్మల కార్ఖానా. పికాసో, మీరో కూడా అక్కడ పనిచేసినవాళ్లే. 1960లలో హేటర్‌తో పాటు దాన్ని నడిపే బాధ్యత మనవాడికే వచ్చింది.

అక్కడ ఆయన చేసిన పనిని కాస్త దగ్గరగా చూడాలి. రంగుల అచ్చుబొమ్మ కావాలంటే మామూలుగా రంగుకో రేకు చెక్కి, ఒకదాని మీద ఒకటి అద్దాలి. కృష్ణారెడ్డి ఒకే లోహపు రేకును రకరకాల లోతుల్లో మలిచారు. ఒక రంగులో అవిసె నూనె ఎక్కువ కలిపి పల్చగా చేసి, గట్టి రోలరుతో పైభాగాలకు పూస్తారు. జిగురుగా ఉన్న మరో రంగును మెత్తటి రోలరుతో పల్లాల్లోకి దింపుతారు. పల్చని రంగు ఉన్నచోట జిగురు రంగు అంటదు. ప్రెస్సు ఒక్కసారి తిప్పితే చాలు, అన్ని రంగులూ కాగితం మీదికి వచ్చేస్తాయి. ఈ పరిశోధనలో బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ ఆయనకు తోడు. 1968లో పారిస్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చినప్పుడు, గుంపుగా నిలిచిన ఆ మనుషులనే ఆయన ‘డెమాన్‌స్ట్రేటర్స్’గా చెక్కారు.

మాకు వీటన్నిటికన్నా పెద్దదిగా తోచేది ఇంకొకటి. కనిపెట్టిన కిటుకును ఆయన దాచుకోలేదు. ఏ దేశం నుంచి వచ్చినవారికైనా పక్కన నిలబడి చూపించారు. 1970లలో న్యూయార్కు వెళ్లి విశ్వవిద్యాలయంలోనూ అదే పని చేశారు. 1988లో ఆ పద్ధతినంతా పుస్తకంగా రాసి పెట్టారు. మన జగ్గన్నతోట తీర్థానికి ఊరంతా కలిసి ప్రభ కడుతుంది. వెదురు ఒకరిది, గుడ్డ ఒకరిది, మోసే భుజం ఇంకొకరిది. ఆ పద్ధతిలోనే ఆయన కళను నడిపారు. 1972లో పద్మశ్రీ ఇచ్చిన దేశం ఆయన్ని మరచిందనలేం. మరచింది మనమే. 2018లో ఆయన పోయినప్పుడు మన ఊళ్లలో ఒక్క సంతాప సభ జరిగినట్టు మేం ఎరగం.

మన పిల్లల్లో బొమ్మలు వేసే చేతులకు కొదవ లేదు. పదో తరగతి దాటేసరికి ఆ చేతులు ఖాళీ అయిపోతున్నాయి. కలిసి పనిచేసుకునే చోటంటూ వాళ్లకు లేదు. మలికిపురం, రాజోలు, అమలాపురం కళాశాలల్లో ఒక్కచోటైనా చేత్తో తిప్పే ఎచింగ్ ప్రెస్సు పెట్టాలి. గల్ఫులో, అమెరికాలో ఉన్న మనవాళ్లు గుళ్లకూ బళ్లకూ పంపే చందాల్లో కొంత దీనికీ పంపాలి. గది ఇవ్వగలవారు, నేర్పగల డ్రాయింగు మాస్టార్లు మాకు ఉత్తరం రాయండి. మిగతా తిరుగుడు పత్రిక చూసుకుంటుంది.