ఎలుకల లెక్క

మొన్న పాఠం ముగిసిన పిమ్మట ఒక విద్యార్థి అడిగాడు: "ఉస్తాద్, ఎలుకలను లెక్కపెట్టడం కూడా ఒక విద్యేనా?" తరగతి అంతా నవ్వింది. కానీ ఆ ప్రశ్న నవ్వి వదిలేయదగినది కాదు.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో శాన్ సైమన్ అనే ఎడారి లోయ ఉంది. అక్కడ పోర్టల్ అనే ఊరి సమీపాన 1977లో జేమ్స్ బ్రౌన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక పరిశీలన ఆరంభించారు. సుమారు 20 హెక్టార్ల నేలలో 24 మడులు ఏర్పరచి, చుట్టూ ఇనుప వల కట్టారు. ఒక్కొక్క మడిలో 49 బోనులు. నెలకొకసారి, అమావాస్య దరిదాపుల్లో, సాయంకాలం గింజలు వేసి బోనులు అమర్చుతారు. వెన్నెల రాత్రులలో శత్రుభయం వల్ల ఎలుకలు తక్కువగా తిరుగుతాయి. మనం నెలవంక కొరకు ఆకాశాన్ని వెదికే దినాలలోనే వారు నేలను వెదుకుతారన్నమాట.

తెల్లవారగానే బోనులు తెరవాలి. ఆలస్యమైతే ఎండకు లోపలి ప్రాణి చనిపోవచ్చు. దాని జాతి, బరువు వ్రాసుకొని, గుర్తు చూసి, దొరికిన చోటనే విడిచిపెడతారు.

వాటిలో ముఖ్యమైనది కంగారూ ఎలుక. వెనుక కాళ్లపై గెంతుతుంది. నీరు త్రాగకుండానే బ్రతకగలదు. తిన్న గింజల నుండే దాని శరీరం నీటిని సమకూర్చుకుంటుంది. బుగ్గసంచులలో గింజలు నింపుకొని మట్టిలో దాచుకుంటుంది.

కొన్ని మడుల కంచెకు చిన్న ఎలుకలు మాత్రమే దూరగల రంధ్రాలు ఉంచి, కంగారూ ఎలుకలను బయటనే ఆపారు. 12 సంవత్సరాల తరువాత, పొదల నేలగా ఉన్న ఆ మడులలో ఎత్తైన గడ్డి దాదాపు మూడు రెట్లు పెరిగింది. గడ్డిభూముల ఎలుకలు వచ్చి చేరాయి. ఈ ఫలితం 1990లో ప్రచురితమైంది. గింజలు తింటూ, మట్టిని కదిలిస్తూ, గుప్పెడంత ప్రాణి ఆ నేల స్వరూపాన్నే నిలిపి ఉంచిందని అప్పుడు తెలిసింది.

ఒక్క ఏడాదికే విసిగి లెక్క ఆపివేసి ఉంటే ఈ సత్యం బయటపడేదా? బోను తెరిచి చూడకుండానే "ఖాళీ" అని వ్రాసి ఉంటే ఆ లెక్కకు విలువ ఉండేదా? ఓర్పు, నిజాయితీ లేనిదే లెక్క విద్య కాదు. ఆ విద్యార్థికి నేను చెప్పిన సమాధానం ఇదే.

తల్లిదండ్రులారా! మీ పెరటికి వచ్చే పక్షులను ప్రతి దినం ఒకే వేళకు లెక్కించి వ్రాయమని పిల్లలకు చెప్పండి. ఏ పక్షీ రాని రోజున "సున్న" అని వ్రాయడం కూడా నేర్పండి.