కాపలా కాయని కూత

ఆషాఢంలో హైదరాబాదు లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి బోనాలు వచ్చాయంటే శబ్ద కాలుష్యం మీద ఏటా ఒక చర్చ లేస్తుంది, అందులో ముద్దాయి ఎప్పుడూ డప్పే. ఆ డప్పు దెబ్బకు గల్లీ పొడవునా నిలిపిన కార్లు ఒకదాని వెంట ఒకటి కూత అందుకుని, ఊరేగింపు ముందు నడిచే పోతరాజు మలుపు తిరిగిపోయాక కూడా అరుస్తూనే ఉండటాన్ని మాత్రం ఎవరూ నేరంగా లెక్కించరు. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు లౌడ్‌స్పీకర్లకు సడలింపు ఇచ్చే అధికారాన్ని 2000 నాటి శబ్ద కాలుష్య నియమావళే ప్రభుత్వానికి కల్పించింది గనుక, పండుగ చప్పుడుకు ఒక తేదీ, ఒక గడువు ఉన్నాయి. పిల్లి బానెట్ మీదికి దూకిన ప్రతి రాత్రీ మోగే సైరన్‌కు అవేవీ లేవు. అదే నియమావళి నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ల పరిమితి విధించగా, బయట బిగించే అలారం డబ్బాల మీద 110, 120 అనే అంకెలను ఘనతగా అచ్చువేస్తారు. డెసిబెల్ కొలమానంలో పది పెరిగినప్పుడల్లా శబ్దశక్తి పదింతలవుతుందన్న సంగతి తెలిసినవారికి ఈ తేడా ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఇంతా చేసి ఈ కూత వల్ల దొంగతనాలు ఆగుతున్నాయా? అమెరికాలో వాహన బీమా నష్టాలను లెక్కగట్టే సంస్థ 1997లో కోట్లాది వాహనాల క్లెయిములను పరిశీలించి, అలారం ఉన్నందువల్ల చోరీ నష్టాలు మొత్తం మీద తగ్గలేదని తేల్చింది. మన దేశపు మోటారు టారిఫ్ కూడా, పుణెలోని వాహన పరిశోధన సంస్థ ఏఆర్‌ఏఐ ఆమోదించిన చోరనిరోధక పరికరాన్ని బిగించుకున్నవారికి సొంత నష్టపు ప్రీమియంలో ఇచ్చిన రాయితీ రెండున్నర శాతమే, అదీ 500 రూపాయలకు మించకుండా; నష్టభయాన్ని రూపాయల్లో తూచే బీమా రంగమే ఈ పరికరానికి కట్టిన విలువ అంత.

అసలు గొడవ బిగింపులో ఉంది. కార్ డెకార్స్ దుకాణంలో సీటు కవర్లతో పాటు అంటగట్టే ఈ వ్యవస్థలో అదురును పసిగట్టే షాక్ సెన్సర్, తలుపు తెరుచుకున్నదని చెప్పే స్విచ్, సైరన్, వీటితో పాటు స్టార్టర్‌కో ఇగ్నిషన్‌కో వెళ్లే తీగను కోసి మధ్యలో పెట్టిన రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి విడదీసే మీట, ఉంటాయి. సెన్సర్ సున్నితత్వాన్ని చిన్న మర తిప్పి తగ్గించవచ్చుగాని, ఆ మర ఉందనే మాట కొన్నవాడికి చెప్పేవాడుండడు. వానాకాలంలో తలుపు స్విచ్ తుప్పు పట్టినా, బ్యాటరీ నీరసించి వోల్టేజి పడిపోయినా, రిమోట్‌లోని బిళ్ల బ్యాటరీ అయిపోయినా, రిలే కాళ్ల దగ్గర అతుకు వదులైనా ఫలితం ఇంతే: సైరన్ ఆగదు, లేదా ఇంజన్ కదలదు, లేదా రెండూ. అప్పుడు వచ్చే ఆటో ఎలక్ట్రీషియన్ ముందుగా బ్యాటరీని, ఆ తరువాత డ్యాష్‌బోర్డు కింద దాచిన వాలే స్విచ్‌ను, అంటే అలారాన్ని తాత్కాలికంగా నిద్రపుచ్చే మీటను చూసి, ఏదీ పనిచేయకపోతే సైరన్‌ను విడదీసి, కోసిన తీగను తిరిగి కలిపి ‘డైరెక్ట్’ చేస్తాడు. అలారం బైపాస్ అని పిలిచేది దీన్నే, ఇంతకుమించి మరేమీ కాదు. కంపెనీ నుంచి వచ్చిన ఇమ్మొబిలైజర్, అంటే తాళంచెవిలోని చిప్పును గుర్తిస్తే తప్ప ఇంజన్‌ను నడవనివ్వని ఏర్పాటు ఉంటే, దాని పని అది చేస్తూనే ఉంటుంది గనుక యజమాని కోల్పోయేది కూత, దానితో పాటు ఆ రిలే అడ్డు మాత్రమే.

ఈ పనికి గంటలు పట్టడానికి కారణం ఎలక్ట్రీషియన్ చేతగానితనం కాదు, ఏ తీగను ఎక్కడ కోశారో తెలిపే కాగితం లేకపోవడం. అన్నిటినీ ఒకే నల్ల టేపుతో చుట్టేసి పంపే దుకాణదారు, కోసిన ప్రతి తీగ రంగును, చోటును బిల్లు వెనుక రాసి ఇవ్వాలని రవాణా శాఖ ఎందుకు ఆదేశించదు? నాలుగు గోడల ఇల్లు కట్టాలంటే ప్లాను చూపించమని కోరే వ్యవస్థ, మంట పుట్టించగల వైరింగును మాత్రం టేపు చుట్టలకే వదిలేసింది.

దూరం నుంచే ఇంజన్‌ను నడిపించే రిమోట్ స్టార్టర్ సంగతి మరింత విడ్డూరం. మంచు కురిసే మిన్నెసోటాలో తెలుగు ఇంజనీరు ఇంట్లో నుంచే కారును వెచ్చబెట్టుకోవడంలో అర్థం ఉంది. అదే మోజుతో ఇక్కడ బయట బిగించుకున్న స్టార్టర్, కంపెనీ ఇమ్మొబిలైజర్‌ను ఒప్పించడానికి తరచు ఒక అదనపు చిప్పు తాళాన్ని కారు లోపలే దాచవలసి రావడంతో, ఉన్న భద్రతను కూడా పలుచన చేస్తుంది. అదీగాక, డ్రైవరు సీటులో లైసెన్సున్న మనిషి ఉండాలి, లేదా ఇంజన్ ఆపి బ్రేకు వేసి ఉండాలి, అలా కాకుండా బహిరంగ స్థలంలో వాహనాన్ని నిలపరాదని 1988 మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్ చెబుతుంది. లాల్‌దర్వాజా గల్లీలో నిలిపిన కారు ఉన్నది బహిరంగ స్థలంలోనే.

నిజానికి ఆ కారు అక్కడ ఎందుకుంది? నిలపడానికి ఒక చోటు చూపనిదే కారు నమోదు కాని ఏర్పాటు జపాన్‌లో 1962 నాటి చట్టంతో మొదలైంది. ఇక్కడ రవాణా కార్యాలయం చిరునామా రుజువు, బీమా పత్రం అడుగుతుందే గాని, ఆ చిరునామాలో కారు పట్టే జాగా ఉందా అని అడగదు.