బ్రాకెట్లలో మా ఊరి ఆడవాళ్లు

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మా పెద్దమ్మ కూతురు కూడా వచ్చింది. మాది నెల్లూరు జిల్లా అనుమసముద్రంపేట. బయటివాళ్లకి ఏఎస్ పేట అంటే దర్గా ఒక్కటే గుర్తొస్తుంది. మా అక్క అక్కణ్ణుంచి బయల్దేరి న్యూయార్క్ దాకా పోయింది. ఆడామగా సమానత్వం కోసం పనిచేసే ఒక అంతర్జాతీయ సంస్థలో, ప్రభుత్వాల మధ్య వ్యవహారాలు చూసే విభాగంలో ఉద్యోగం. ఊళ్లో ఎవరికైనా ఈ మాట చెప్తే "అయితే సాఫ్ట్‌వేర్ కాదా?" అని జాలిగా చూస్తారు :)

"అక్కా, అసలు నువ్వు చేసే పనేంది?" అనడిగాను.

"బ్రాకెట్లు తీయించే పనిరా" అంది.

సంగతేమిటంటే, ఏటా మార్చిలో న్యూయార్క్‌లో మహిళల స్థితిగతుల కమిషన్ సమావేశమవుతుంది. ఈ కమిషన్ 1946 నుంచీ ఉంది. చివర్లో అందరూ ఒప్పుకున్న ఒక పత్రం రావాలి. ఏ దేశానికి ఏ మాట నచ్చకపోయినా అది బ్రాకెట్లలోకి వెళ్తుంది. వీళ్లకి ఓటుండదు, నిర్ణయం ప్రభుత్వాలదే. నివేదికలు రాసివ్వడం, పాత పత్రాల్లో ఆ మాట ఎక్కడుందో వెతికి చూపడం, అలిగినవాళ్ల మధ్య తిరగడం వీళ్ల పని. మన రిక్వైర్‌మెంట్స్ మీటింగే, కాకపోతే క్లయింట్లు వందకి పైగా!

"ఒక్కోసారి రాత్రి మూడింటి దాకా కూర్చుంటాం. అంతా చేస్తే ఒక్క మాట మిగల్తుంది. మానేద్దామనుకుంటుండారా" అంది.

నిజం చెప్పొద్దూ, మానేయమనే అనబోయాను. 2012లో ఆ కమిషన్ ప్రధానాంశం గ్రామీణ మహిళల సాధికారత. రెండు వారాలు చర్చించి, ఏకాభిప్రాయం లేక ఆ పత్రమే రాలేదు. దానికి సరిగ్గా ఇరవై ఏళ్ల ముందు, 1992లో, మా పక్కనే కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు ఏం చేశారో తెలుసు కదా? అక్షరాస్యత తరగతుల్లో చదువుకుంటూ, మాట్లాడుకుంటూ, ఊళ్లో సారా ఆపించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. జిల్లాలో సారా వేలంపాటలే సాగలేదు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. వీళ్లకి న్యూయార్కూ లేదు, బ్రాకెట్లూ లేవు. మరి ఏది గొప్ప?

తర్వాత ఆలోచిస్తే నా లెక్క తప్పనిపించింది.

1997లో ఆ సంపూర్ణ నిషేధాన్ని ప్రభుత్వం ఎత్తేసింది. సారా మీద నిషేధం నిలిచింది గానీ, మిగతా మందు తిరిగొచ్చింది. నిషేధం మంచిదా కాదా అనేది వేరే వాదన. నేను చెప్పేదల్లా, దూబగుంట ఆడవాళ్లని అడక్కుండానే అది పోయిందని. ఒక ప్రభుత్వం రాసిన చట్టాన్ని ఆ ప్రభుత్వమే దిద్దుకోవచ్చు.

అదే 1992లో రాజస్థాన్‌లోని భటేరి గ్రామంలో, బాల్యవివాహం ఆపబోయినందుకు భన్వరీ దేవి మీద సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో కింది కోర్టు నిందితులు ఆ నేరం చేయలేదంది. ఆమెకి న్యాయం జరగలేదు. కానీ ఆ ఘటన తర్వాత మహిళా సంఘాలు వేసిన విశాఖ కేసులో, అదే 1997లో, సుప్రీంకోర్టు పని చేసే చోట లైంగిక వేధింపుల మీద మార్గదర్శకాలిచ్చింది. అప్పటికి మనకి దాని మీద చట్టం లేదు. మరి కోర్టు దేన్ని ఆధారం చేసుకుంది? మహిళల మీద వివక్ష పోవాలని 1979లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన, 1993లో భారత్ ఒప్పుకున్న ఒడంబడికని. ఇలాంటి బ్రాకెట్లు తీసి తీసి రాసిన కాగితమే అది! 2013లో చట్టమొచ్చింది. ఏటా మన ఆఫీసుల్లో 'నెక్స్ట్, నెక్స్ట్' నొక్కి ముగించే ఆ ట్రైనింగ్ ఉందే, దాని వేరు అక్కడుంది. నేనూ అలా నొక్కినవాణ్ణే.

మన భాషలో చెప్పాలంటే, ఒక్కడే నడిపే కోడ్‌ని ఒక్కడే చెరిపేయొచ్చు. వందమంది రివ్యూ చేసి కలిపిన దాన్ని చెరపడం కష్టం. అలాగని కాగితమే అన్నీ చేస్తుందనుకోవడమూ పొరపాటే. భటేరిలో ఒకామె నిలబడకపోతే, సంఘాలు కోర్టుకెక్కకపోతే, ఆ ఒడంబడిక అల్మారాలోనే ఉండేది. గెలుపు తెచ్చేది ఊళ్లోని ఆడవాళ్లే. దాన్ని జారిపోకుండా పట్టుకునేది కాగితం. రెండూ కలవకపోతే ఏదో ఒకటి ఓడిపోతుంది.

నాకున్న ఫిర్యాదల్లా ఒకటే. ఆ కాగితంలో ఏం రాస్తున్నారో మా ఏఎస్ పేట ఆడవాళ్లకి తెలుగులో ఎవరూ చెప్పరు. ఇంటర్‌ఫేస్ ఎంత బాగున్నా, వాడాల్సినవాళ్లకి డాక్యుమెంటేషన్ అందకపోతే ఏం లాభం?

ఇదంతా అక్కకి చెప్పాను. "మాటలు బాగానే చెప్తావు. పోయినేడు ఆ ట్రైనింగ్ పూర్తిగా చదివావా?" అంది. లేదన్నాను.

తను ఇంకా రాజీనామా చేయలేదు. ఈసారి నేను చదివే నొక్కుతాను. మరి మీరు?