పైపులో అడ్డం లేదు, మోటారే మొరాయించింది

మా పెద్దమ్మది జమ్మలమడుగు దగ్గర పల్లె. చాలా ఏళ్లుగా ఫిట్స్ మాత్రలు వాడుతోంది. ఆ ఏడు శనగ కోతల హడావుడిలో రెండు రోజులు మాత్రలు మరిచిపోయింది. మూడోరోజు చేన్లోనే ఫిట్స్ వచ్చి పడిపోయింది. ఎప్పట్లాగే ఎవరో చేతిలో తాళాలగుత్తి పెట్టారు. కాసేపటికి తేరుకుంది గానీ, "ఎదలో పట్టేసినట్టుంది, ఊపిరి ఆడ్డంలేదు" అంది.

"ఫిట్స్ వచ్చిన నీరసంలే వదినా, కొంచేపు పండుకో" అన్నారు పక్కనున్నోళ్లు. బెంగళూరు నుంచి ఫోన్లో నేను చెప్పిందీ అదే.

సాయంత్రానికి ఆయాసం ఎక్కువైంది. అప్పుడు 108కి ఫోన్ చేశారు. కడపలో ఈసీజీ తీస్తే అచ్చం గుండెపోటే. యాంజియోగ్రామ్‌లో మాత్రం రక్తనాళాల్లో ఎక్కడా అడ్డం లేదు. ఎకోలో చూస్తే గుండె కింది కొస బుడగలా ఉబ్బి, సరిగా కొట్టుకోవడం లేదు.

ఈ జబ్బు పేరు టకోట్సుబో. అంటే జపాన్‌లో ఆక్టోపస్‌లు పట్టే కుండ. సన్న మెడ, గుండ్రటి అడుగు. ఉబ్బిన గుండె అలాగే కనబడుతుందని 1990లో అక్కడి డాక్టర్లు ఆ పేరు పెట్టారు.

మన బోరు మోటారుతో పోల్చుకుంటే సులువుగా అర్థమవుతుంది. పైపులో అడ్డం లేదు. కరెంటు ఒక్కసారిగా ఎక్కువొచ్చి మోటారు మొరాయించింది. ఫిట్స్, పక్షవాతం, మెదడులో రక్తస్రావం లాంటివి వచ్చినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ లాంటి హార్మోన్లు ఉప్పెనలా విడుదలవుతాయి. ఆ దెబ్బకు గుండె కండరం తాత్కాలికంగా సొమ్మసిల్లుతుంది. పెద్ద దుఃఖం, భయం వల్ల కూడా రావొచ్చు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో ఎక్కువ.

చాలామందికి కొన్ని వారాల్లో గుండె మామూలవుతుంది. కానీ మొదటి రోజుల్లో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరొచ్చు, గుండె లయ తప్పొచ్చు, ప్రాణమే పోవచ్చు. ఇది టకోట్సుబోనా, అసలు గుండెపోటా అని ఇంట్లో కూర్చుని ఎవరూ తేల్చలేరు.

అందుకే ఫిట్స్ వస్తే తాళాలు వెతక్కండి, మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తేరుకున్నాక ఎదనొప్పి, ఆయాసం అంటే వెంటనే ఈసీజీ తీయించండి. వాడుతున్న మాత్రలేవో డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు వాటిని ఆపొద్దు.

ఇప్పుడు పెద్దమ్మ బాగుంది. సద్దిమూటతో పాటే మాత్రల డబ్బా కూడా చేనికి పోతోంది. నేను మాత్రం ఫోన్లో "ఏం కాదులే" అనడం మానేశాను.