చీటీ ఇచ్చారు సరే, సెలవు ఎవరిస్తారు?



యూనియన్ పని కూలి రేట్లు, బోనసు, పీఎఫ్, ఈఎస్ఐల గురించి కొట్లాడడం. ఒకటి నుండి అయిదో తరగతి దాకా చదివే పిల్లల కళ్ళు, చెవులు, పళ్ళు, రక్తం సంగతి యూనియన్‌కెందుకు అని మనలోనే కొందరు అడుగుతున్నారు. అది కూడా కూలి సంగతే కాబట్టి. మన షోలాపూర్‌లో టవల్, చాదర్ మగ్గాల మీద బతికే ఏ ఇంట్లో చూసినా ఇది తెలుస్తుంది.

ముందుగా మన పిల్లలకు ఏం రావాలో తెలుసుకుందాం. 2013 ఫిబ్రవరి 6న మన రాష్ట్రంలోనే, అప్పటి ఠాణే జిల్లాలోని పాల్ఘర్‌లో, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమాన్ని మొదలుపెట్టారు. పుట్టిన బిడ్డ మొదలు 18 ఏళ్ళ వరకు ఇది వర్తిస్తుంది. నియమం ప్రకారం సర్కారు బడికి, ఎయిడెడ్ బడికి ఏడాదికి ఒకసారి, అంగన్‌వాడీకి రెండుసార్లు ఒక బృందం రావాలి. ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, వారిలో ఒకరు స్త్రీ, ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు అందులో ఉండాలి. గుండెకు పుట్టుకతో వచ్చిన లోపం నుండి పుచ్చిపళ్ళ వరకు 30 రకాల లోపాలు, జబ్బులు చూడాలి. పై ఆస్పత్రికి పంపితే వైద్యం ఉచితం. ఆపరేషన్ అవసరమైతే అదీ ఉచితమే. మన దేశంలో బడి పిల్లలకు వైద్య పరీక్ష 1909లోనే బరోడా నగరంలో మొదలైంది. కాబట్టి ఇదేమీ కొత్త దయాదాక్షిణ్యం కాదు, మన పిల్లల హక్కు.

ఇక అసలు చిక్కు ఎక్కడుందో చూడండి. డాక్టరు చూస్తారు, రాస్తారు. "కంటి పరీక్షకు పంపవలెను" అని ఒక చీటీ బిడ్డ సంచిలో ఇంటికి వస్తుంది. అది ఇంగ్లీషులోనో మరాఠీలోనో ఉంటుంది, తల్లి చదివేది తెలుగు. తండ్రి మగ్గం మీద, తల్లి బీడీల చాట ముందు. సివిల్‌కు తీసుకుపోయేదెవరు? మొదటి రోజు చూపించాలి, ఇంకోరోజు అద్దాల నంబరు, మరోరోజు అద్దాలు తెచ్చుకోవాలి. మనది పీసు లెక్క. మగ్గం ఆగిన పూట కూలి లేదు, చుట్టని బీడీలకు పైసా రాదు. వైద్యం ఉచితమే గాని, అక్కడికి పోవడానికి మూడు రోజుల కూలి ఖర్చు. చివరికి చీటీ దేవుని పటం వెనక చేరుతుంది. హప్తా రోజున చూద్దామంటారు, హప్తా వచ్చేసరికి దుకాణం బాకీ ఎదురుగా ఉంటుంది. దీన్ని బళ్ళో తల్లిదండ్రుల నిర్లక్ష్యం అంటారు. నేను ఒప్పుకోను. నిర్లక్ష్యమైతే ఆ చీటీని ఎప్పుడో పారేసి ఉండేవారు.

చూపు విలువ మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? తెగిన పోగు కంటికి ఆనకపోతే గుడ్డలో తప్పు పడుతుంది, మాలిక్ కూలి కోస్తాడు. మన బిడ్డ మాత్రం వెనక బెంచీలో కూర్చుని, బోర్డు కనబడక, పక్కవాని నోటుబుక్కు చూసి రాస్తుంటాడు. కనబడడం లేదని చెప్పడు. లోకం అందరికీ అట్లాగే మసకగా ఉంటుందనుకుంటాడు. మూడో తరగతికి "మొద్దు" అని పేరు పడుతుంది. అయిదో తరగతి దాటగానే, చదువు రాదు గదా అని కండెలు చుట్టడానికి కూర్చోబెడతారు. ఒక జత అద్దాలతో ఆగవలసిన సంగతి అక్కడిదాకా పోతుంది.

చెవుల సంగతి ఇంకా మోసం. షిఫ్టంతా మగ్గాల మోతలో ఉండి వచ్చినవాళ్ళం, ఇంట్లో కూడా గట్టిగానే అరిచి మాట్లాడతాం. ఆ అరుపుకు బిడ్డ పలుకుతుంది కాబట్టి వినికిడి తగ్గిన సంగతి ఇంట్లో ఎవరికీ పట్టదు. మెల్లగా మాట్లాడే టీచరు దగ్గర పలకదు, ఆమేమో పొగరు అనుకుంటుంది. చెవిలో చీము కారితే కొబ్బరినూనె పోసి ఊరుకోవద్దు. చెవి పరీక్ష కూడా ఈ కార్యక్రమంలో ఉంది, అడిగి చేయించండి.

రక్తం మాట. 2016-18లో దేశమంతటా జరిపిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 5 నుండి 9 ఏళ్ళ పిల్లల్లో 24 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఆ వయసు పిల్లలకు వారానికొక గులాబీ రంగు ఇనుము మాత్ర ఇవ్వాలని 2018లో రక్తహీనత నివారణ కార్యక్రమంలో పెట్టారు. మన ఇళ్ళలో పొద్దున్నే చాయ్‌లో పావు ముంచి తినిపించి బడికి పంపుతాం. చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. మాత్ర ఇచ్చే రోజున చాయ్ బందు పెట్టి, కడుపు నిండా తిన్నాక వేయించండి. మలం నల్లగా వస్తే భయపడొద్దు. నులిపురుగుల మాత్ర కూడా అంతే. ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల దినం, 2015 నుండి జరుపుతున్నారు. ఆ రోజు పిల్లల్ని ఇంట్లో దాచుకునే వాళ్ళున్నారు, అది తప్పు. టీకాలు ఏడాదిన్నరకే అయిపోయాయనుకోవద్దు. అయిదారేళ్ళకు డీపీటీ బూస్టరు, పదేళ్ళకు టీడీ సూది ఉన్నాయి.

ఇంకొక మాట కొందరికి కోపం తెప్పించవచ్చు. అప్పు చేసైనా పిల్లల్ని ప్రయివేటు ఇంగ్లీషు మీడియంకు పంపుతున్నాం. ఈ బృందం వెళ్ళేది సర్కారు, ఎయిడెడ్ బళ్ళకు. ఎయిడ్ లేని ప్రయివేటు బడి ఆ లెక్కలో లేదు. ఫీజు కట్టి మరీ ఉచిత పరీక్షను వదులుకుంటున్నామన్నమాట. టై కట్టుకున్న బిడ్డకు కళ్ళు చూపించారా అని ఆ బడి మీటింగులో ఎంతమందిమి అడిగాం?

జూనీ మిల్లు, లక్ష్మీ విష్ణు మిల్లు, నరసింగ్ గిర్జీ మిల్లు మూతపడ్డాయి. పెద్ద మిల్లులో వేలమంది ఒక్క గేటు నుండి వచ్చేవాళ్ళం, అడగడానికి బలముండేది. ఇప్పుడు చిన్న చిన్న షెడ్లు. పదిమంది ఉంటే ఈఎస్ఐ వస్తుందని ఒకే షెడ్డును నాలుగు పేర్ల మీద చీల్చిన మాలిక్‌లు ఉన్నారు. ఈఎస్ఐ కార్డు మనకొక్కరికే కాదు, పెళ్ళాం బిడ్డలకు కూడా వైద్యం ఇస్తుంది. కార్డు లేని ప్రతి కార్మికుని వెనక వైద్యం లేని ఇద్దరు ముగ్గురు పిల్లలున్నారు. ఈ లెక్క మాలిక్ పుస్తకంలో ఉండదు.

కాబట్టి మనం అడగవలసినది ఇది. బడి నుండి వచ్చిన వైద్య చీటీ చూపించిన కార్మికునికి, ఒక్కో బిడ్డకు ఏడాదికి రెండు పూటలు, గత హప్తాల సగటు కూలితో సెలవు ఇవ్వాలి. ఇద్దరు పిల్లలుంటే నాలుగు పూటలు, అంటే మొత్తం రెండు రోజులు. టవల్ ఆర్డర్లు లేవు, నూలు ధర పెరిగింది అని మాలిక్‌లు అంటారు. కరెంటు పోయినప్పుడు, బీము దొరకనప్పుడు మగ్గాలు ఇంతకంటే ఎక్కువే ఆగుతున్నాయి, అప్పుడు కార్ఖానాలు మునిగిపోలేదు. అట్లాగే బృందం వచ్చే తేదీ తల్లిదండ్రులకు వారం ముందు తెలియాలి, మన తెలుగు బళ్ళలో చీటీ తెలుగులో రావాలి. ఇది నగరపాలికను అడగవలసింది. కూలి రేటు డిమాండు పలచబడుతుందని జంకే మిత్రులకు ఒకటే జవాబు: రేటు పెంచి, ఆ పెంచినది ఇట్లా కోసుకుంటే మిగిలేదేముంది?

వచ్చే హప్తా రోజున దేవుని పటాల వెనక ఉన్న చీటీలన్నీ యూనియన్ ఆఫీసుకు తెండి. పాతవైనా, సగం చిరిగినవైనా సరే. ఒక్కొక్క దానిమీద బిడ్డ తరగతి, చీటీ వచ్చిన తేదీ, ఆస్పత్రికి పోలేకపోయిన కారణం రాసి కట్ట కడదాం. కూలి ఒప్పందం చర్చలకు మాలిక్‌ల ఎదుట కూర్చున్నప్పుడు ఆ కట్ట బల్ల మీద ఉండాలి.