ఉమ్మడి వంటింట్లో పోపుడబ్బాలు

ఉమ్మడి ఇంట్లో ఆస్తి దగ్గర రాని తగాదా అలమరలో డబ్బాల దగ్గర వస్తుంది. పెద్దకోడలు ఆవాలు ముందు పెడుతుంది. రెండో ఆవిడ జీలకర్ర ముందుకు జరుపుతుంది. మూడో ఆవిడ ఖాళీ వున్న చోట పెట్టి పోతుంది. ఎవరి వరస వారికి బాగానే వుంటుంది. పొయ్యి మీద నూనె కాగుతూ వుండగా మెంతుల డబ్బా కనిపించనప్పుడు తెలుస్తుంది అసలు కష్టం.

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసేవారిదీ ఉమ్మడి వంటిల్లే. మదనపల్లెలో ఒక అబ్బాయి, పుంగనూరులో ఒక అమ్మాయి, కుప్పంలో ఇంకొక అబ్బాయి ఎవరింట్లో వారు కూర్చుని ఒకే ప్రోగ్రాము వ్రాస్తున్నారనుకోండి. రైతు పోసిన పాలకు వెన్నశాతాన్ని బట్టి ఎంత డబ్బు యివ్వాలో లెక్క కట్టే ప్రోగ్రాము అది. వారు వ్రాసేది పైథాన్ భాషలో. ఆ భాషలో చాలా ఫైళ్ళకు తలమీద కొన్ని పంక్తులుంటాయి. ‘తేదీల లెక్క ఫలానా చోటి నుంచి తెచ్చుకుంటున్నాను, కూడికల సరంజామా ఫలానా చోటి నుంచి’ అని చెప్పే పంక్తులు. వీటినే ఇంపోర్టులంటారు. పోపుడబ్బాలన్నమాట.

కుప్పం అబ్బాయి కొత్తవాడు. తన పని పూర్తిచేసి, చూడమని మిగతా యిద్దరికీ పంపాడు.

“తమ్ముడూ, ఆ మూడో పంక్తి పైకి జరుపు,” అన్నాడు మదనపల్లె అబ్బాయి. జరిపాడు.

“అదేమిటి, కిందనే గదా వుండాలి?” అన్నది పుంగనూరు అమ్మాయి.

“అన్నా, అక్కా, మీరిద్దరూ ఒక మాట మీదికి రండి. అప్పుడు జరుపుతాను,” అన్నాడు పాపం కుర్రవాడు.

ఈ జరుపుళ్ళతో రెండు రోజులు గడిచాయి. చివరికి ముగ్గురూ విసిగి “సరే, కానివ్వండి” అన్నారు. ఎక్కడో యాభయ్యో పంక్తిలో 4.6 వెన్నశాతాన్ని దశాంశం తెగ్గొట్టి 4గా తీసుకునే తప్పు కూర్చుని వుంది. దాన్ని ఎవరూ చూడలేదు. డబ్బాల వరస చూసిన కళ్ళు పులుసు రుచి చూడలేదు. నష్టం ఎవరికి? తెల్లవారుజామున లేచి పాలు పిండి తెచ్చిన రైతుకి!

దీనికి నియమం లేదా అంటే, వున్నది. 2001లోనే పైథాన్ పెద్దలు ‘పెప్ 8’ అనే నియమావళి వ్రాశారు. భాషతో పాటు వచ్చేవి ముందు, బయటివారు చేసినవి తరువాత, సొంతవి చివర, మధ్య ఒక్కొక్క ఖాళీ పంక్తి. కాని ఒక్కొక్క గుంపు లోపల ఏది ముందో అందులో చెప్పలేదు. అకారాది క్రమం పెట్టుకుందామంటారా? ఏ అకారాది? ఇంగ్లీషులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు కలపాలా, విడదీయాలా? మన బడిలో ‘ఱ’ చిట్టచివర చెబుతారు; కంప్యూటరు అక్షరాలకిచ్చిన యూనికోడ్ సంఖ్యల్లో అది ‘ర’ పక్కనే వుంటుంది. నోటిమాట నియమాలతో తగవు తెగదు.

అందుకే లింటర్ వచ్చింది. లింట్ అంటే బట్టకు అంటుకునే నూగు. బెల్ లాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సి భాషలో నూగు ఏరే ప్రోగ్రాముకు ఆ పేరు పెట్టాడు. పైథాన్ ఇంపోర్టులను వరసలో పెట్టడానికి 2013లో టిమతీ క్రాస్లీ ‘ఐసార్ట్’ తెచ్చాడు. 2022లో వచ్చిన ‘రఫ్’ అదే పని మరింత చురుకుగా చేస్తుంది.

అయితే తెచ్చుకుంటే చాలదు, వాడే తీరున్నది. వరస ఏమిటో ప్రోగ్రాముతో పాటే వుండే ఫైలులో వ్రాసిపెట్టాలి. ముగ్గురి దగ్గరా లింటర్ ఒకే వెర్షన్ వుండాలి. లేకపోతే ఒకరు సర్దింది ఇంకొకరి యంత్రం చెరుపుతుంది. పాత ఫైళ్ళన్నీ ఒక్కరోజున, వేరే మార్పు కలపకుండా, ఒకే కమిట్‌గా సర్దాలి. ఆ కమిట్‌ను విడిగా గుర్తు పెట్టుకుంటే, ఏ పంక్తి ఎవరు వ్రాశారని వెదికేటప్పుడు గిట్ దాన్ని దాటిపోతుంది. 2019 నుంచి ఆ వసతి వుంది. ఇక కొత్త పని ఉమ్మడి కోడులో కలిసే గుమ్మం దగ్గర లింటర్‌ను కాపలా పెట్టాలి. వరస తప్పితే లోపలికి రానివ్వదు. పెద్దవాడయినా చిన్నవాడయినా దానికి ఒకటే. యంత్రం చెబితే ఎవరికీ చిన్నతనం లేదు.

ఒక్క హెచ్చరిక. డబ్బాలు అలమరలో ఏ వరసనయినా వుండవచ్చు గాని, పోపులో ఆవాలు చిటపటలాడాకనే కరివేపాకు పడాలి. కొన్ని ఇంపోర్టులు తెచ్చుకున్న క్షణానే పని మొదలుపెడతాయి. వాటిని వెనకా ముందూ చేస్తే ప్రోగ్రాము చెడుతుంది. అటువంటి చోట లింటర్‌ను తప్పుకోమని గుర్తు పెట్టి, కారణం పక్కనే వ్రాయాలి. ఆ గుర్తులు పదీ పాతికా అయ్యాయంటే మాత్రం జబ్బు వరసలో లేదు, వంటలోనే వున్నదన్నమాట.

ఏ వరస మంచిదని నన్నడిగితే, ముగ్గురూ ఒప్పుకున్నదేదయినా మంచిదే. వరస చూడటానికి యంత్రం వుంది. పాల లెక్క సరిగా వున్నదో లేదో చూడటానికి మాత్రం మనిషి కళ్ళే కావాలి. వాటిని డబ్బాల దగ్గర అలిసిపోనివ్వకండి.